ఇసుక పలక నుండి కృత్రిమ మేధ దాకా: బోధన సాధనాల పట్ల ఛాత్రోపాధ్యాయుల వైఖరి – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యలో కృత్రిమ మేధ వినియోగం పట్ల ఛాత్రోపాధ్యాయుల వైఖరిని వైఖరి మాపనులతో కొలిచే పరిశోధనలు ఇటీవల విరివిగా వస్తున్నాయి. ఇవి వైఖరిని వ్యక్తి మనసులోని స్థిరగుణంగా భావిస్తాయి. బోధన సాధనాల చరిత్రను, అవి ఉపాధ్యాయుని స్థానాన్ని మార్చిన తీరును ఇవి పరిగణించడం తక్కువ. 18వ శతాబ్ది చివర మద్రాసులో రూపొందిన మానిటర్ పద్ధతి, 1823 నాటి బళ్లారి పాఠశాలల నివేదిక, 20వ శతాబ్దపు బోధన యంత్రాలు, భారతదేశంలో ఉపగ్రహ, కంప్యూటర్ ప్రయోగాలు, వైఖరి మాపనుల పుట్టుక – వీటి ఆధారంగా ఆ వైఖరిని చారిత్రక దృష్టితో చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఛాత్రోపాధ్యాయుడు, కృత్రిమ మేధ, మానిటర్ పద్ధతి, కార్యక్రమయుత బోధన, వైఖరి మాపని, పాఠ్యపథకం.

1. ఉపోద్ఘాతం

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 2023 జనవరిలో న్యూయార్క్ నగర పాఠశాలల యంత్రాంగం తన నెట్‌వర్క్‌లో దాన్ని నిరోధించింది. అదే ఏడాది మే నెలలో ఆ నిరోధాన్ని ఎత్తివేసింది. సెప్టెంబరులో యునెస్కో విద్యలో ఉత్పాదక కృత్రిమ మేధ వినియోగంపై మార్గదర్శకాలు ప్రకటించింది. 2024లో ఉపాధ్యాయులకు కావలసిన కృత్రిమ మేధా సామర్థ్యాల చట్రాన్ని కూడా విడుదల చేసింది. మన దేశంలో జాతీయ విద్యావిధానం 2020 అంతకుముందే కృత్రిమ మేధను ప్రస్తావించింది. సి.బి.ఎస్.ఇ. 2019-20 నుండి తొమ్మిదో తరగతిలో దాన్ని ఒక ఐచ్ఛిక విషయంగా ప్రవేశపెట్టింది.

ఇంత వేగంగా విధానాలు మారుతున్నప్పుడు విద్యాశాఖల్లో పరిశోధన కూడా అదే వేగంతో సాగడం సహజం. బి.ఇడి., డి.ఇఎల్.ఇడి. విద్యార్థులకు ముప్పై నలభై వాక్యాల ప్రశ్నావళి ఇచ్చి, ‘పూర్తిగా అంగీకరిస్తాను’ మొదలు ‘పూర్తిగా విభేదిస్తాను’ వరకు ఐదు గడులలో ఒకదానిని గుర్తించమని, లింగం, నివాసప్రాంతం, బోధనాంశం వంటి చరరాశులతో పోల్చడం ఈ పరిశోధనల సాధారణ పద్ధతి. ఈ పద్ధతిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ‘తటస్థం’ అన్న గడిలో గుర్తు పెట్టిన ఛాత్రోపాధ్యాయుడు ఏమి చెబుతున్నాడో ఆ గడి మనకు చెప్పదు. తెలియక తటస్థుడా, తెలిసి తటస్థుడా అన్నది అతని చరిత్రను బట్టి తేలవలసిన విషయం.

‘ఛాత్రోపాధ్యాయుడు’ అన్న మాటలోనే ఆ చిక్కు ఉంది. ఛాత్రుడు, ఉపాధ్యాయుడు – ఇద్దరూ ఒకే మనిషిలో ఉన్నారు. ఛాత్రుడిగా అతను తన అసైన్‌మెంట్‌ను కృత్రిమ మేధ సాయంతో రాత్రికి రాత్రి పూర్తి చేయగలడు. బోధనాభ్యసనానికి వెళ్లిన ఉన్నత పాఠశాలలో, అదే పని చేసిన తొమ్మిదో తరగతి పిల్లవాడి నోటుపుస్తకాన్ని దిద్దవలసినవాడూ అతనే. ‘కృత్రిమ మేధ అభ్యసనానికి ఉపకరిస్తుంది’ అన్న వాక్యానికి ఈ ఇద్దరిలో ఎవరు జవాబు చెప్పాలి? ఒకే మనిషి నేర్చుకునేవాడూ నేర్పేవాడూ కావడం కొత్త సంగతి కాదు. దాని ఆధునిక చరిత్ర మొదలైనది మద్రాసులోనే.

2. ఎగ్మూరు ఇసుక, బళ్లారి చిలుక

ఆండ్రూ బెల్ 1789 నుండి 1796 వరకు మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమ పాఠశాలకు పర్యవేక్షకుడు. సమీపంలోని ఒక దేశీయ బడిలో పిల్లలు నేల మీద ఇసుక పరచుకుని వేలితో అక్షరాలు దిద్దడం ఆయన చూశాడు. మద్రాసు ఆంగ్లేయులు తమిళులను ‘మలబారులు’ అనే రోజులవి. ఆయన కూడా దాన్ని మలబారు బడి అనే రాసుకున్నాడు. కాగితం, సిరా, కలం ఖర్చు లేని ఈ పద్ధతిని తన పాఠశాలలో ప్రవేశపెట్టమని కింది ఉపాధ్యాయులకు చెప్పగా వారు అంగీకరించలేదు. అప్పుడు బెల్ జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల సైనికుని కొడుకును అక్షరాల తరగతికి బోధకునిగా నిలబెట్టాడు. పిల్లవాడు పని నెగ్గించుకువచ్చాడు. క్రమంగా పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే ఏర్పాటు పాఠశాల అంతటికీ విస్తరించింది. బెల్ 1797లో లండన్‌లో ఈ ప్రయోగాన్ని వివరిస్తూ పుస్తకం ప్రచురించాడు. ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో అది ఇంగ్లండు అంతటా వ్యాపించింది. జోసెఫ్ లాంకాస్టర్ దాదాపు ఇలాంటి ఏర్పాటునే లండన్‌లో నడిపి, ఒక్క ఉపాధ్యాయుడు వందలమందికి చదువు చెప్పగలడని ప్రచారం చేశాడు. సమర్థకులు ఈ పద్ధతిని ఆవిరియంత్రంతోనూ నూలుమిల్లుతోనూ పోల్చారు. తక్కువ శ్రమ, ఎక్కువ ఉత్పత్తి అన్నది ఆ పోలిక సారం.

విద్యాచరిత్ర గ్రంథాలలో ఫ్రిస్కెన్ కనబడతాడు గాని, ఇసుక వద్దన్న ఆ కింది ఉపాధ్యాయుల గురించి ఒక వాక్యం మించి ఉండదు. వారి నిరాకరణకు కారణం అహంకారమా, బద్ధకమా, లేక తమ పనిని ఎనిమిదేళ్ల పిల్లవాడు చేయగలడని తేలితే తమ జీతం ఏమవుతుందన్న భయమా? బెల్ మాట తప్ప మనకు వేరే సాక్ష్యం లేదు. బోధన సాధనాల చరిత్రలో పదేపదే కనబడే లోటు ఇది. సాధనాన్ని ప్రవేశపెట్టినవాడు గ్రంథం రాస్తాడు. కాదన్న ఉపాధ్యాయుడు ఆ గ్రంథంలో ‘ప్రతిఘటన’ అన్న ఒక్క మాటగా మిగులుతాడు. నేటి పరిశోధనలలో ‘ప్రతికూల వైఖరి’ అన్న శీర్షిక కింద వచ్చే సంఖ్యను చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇదే ఏర్పాటును తెలుగు, కన్నడ ప్రాంతపు బడులలో చూసిన మరో ఆంగ్లేయుడు ఎ. డి. కాంప్‌బెల్. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు ఈయనే. ద్రావిడ భాషల సజాతీయతను నిరూపించిన ఎల్లిస్ ఉపోద్ఘాతం ఆ వ్యాకరణంలోనే అచ్చయింది. గవర్నర్ థామస్ మన్రో 1822 జూన్‌లో రాష్ట్రంలోని పాఠశాలల లెక్కలు అడిగినప్పుడు బళ్లారి కలెక్టరుగా ఉన్న కాంప్‌బెల్ 1823 ఆగస్టులో సమాధానం పంపాడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అందులో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. తక్కువ ఖర్చుతో, ముందు నేర్చిన పిల్లలు వెనక ఉన్నవారికి చెప్పే తీరును ఆయన మెచ్చుకుని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సముచితమే అన్నాడు.

అయితే కాంప్‌బెల్ అక్కడ ఆగలేదు. బడులలో వల్లె వేయించే పద్యాల భాష వాడుక భాషకు దూరమని, ఆ పద్యాల అర్థం పిల్లలకే కాదు చాలామంది అయ్యవార్లకూ తెలియదని, పిల్లవాడు లెక్కలేనన్ని పద్యాలు తడుముకోకుండా అప్పగించినా చిలుకకు తన పలుకుల అర్థం ఎంత తెలుసో వాడికీ అంతే తెలుసని రాశాడు. తెలుగు వ్యాకర్త గనుక ఈ మాటకు విలువ ఉంది. గ్రాంథిక వ్యావహారిక వివాదం ఇంకా ఎనభై తొంభై ఏళ్ల దూరంలో ఉండగానే ఆ అంతరం బడి లోపల ఎలా పనిచేస్తుందో ఆయన గమనించాడు.

ఆ చిలుక 2021లో మరొకచోట కనబడింది. ఎమిలీ బెండర్, టిమ్నిట్ గెబ్రూ, వారి సహరచయితలు భారీ భాషా నమూనాలను విమర్శిస్తూ వాటిని యాదృచ్ఛిక చిలుకలు అన్నారు. మాట వరుస తెలుసు, అర్థం తెలియదు అన్నది వారి అభ్యంతరం. రెండు చిలుకలకూ సంబంధం లేదు. బెండర్ బృందం కాంప్‌బెల్ నివేదిక చదివి ఉంటారని నేను అనడం లేదు. కానీ తెలుగు ఉపాధ్యాయునికి ఈ రెండూ ఒకే ప్రశ్నను ముందు పెడతాయి. ధారాళంగా పలికినవాడికి విషయం తెలిసినట్టేనా? చిలకపలుకులను పట్టుకోవడం మన బోధనకు రెండు వందల ఏళ్ల నాటి పని. అప్పుడు పట్టుకోవలసింది పిల్లవాడి పలుకులను. ఇప్పుడు యంత్రం పలుకులను పిల్లవాడి నోట.

కాంప్‌బెల్ నివేదికలో మరో భాగం ఇంతకంటె బాధాకరమైనది. జిల్లాలో బడులు క్షీణిస్తున్నాయని, జనం బీదవారవుతున్నారని, విలాయతీ నూలుబట్టల రాకతో చేతిపనివారి బతుకు దెబ్బతిన్నదని ఆయనే చెప్పాడు. అంటే బోధన పద్ధతి ఇక్కడినుండి అక్కడికి వెళ్లింది, అక్కడ నూలుమిల్లుతో పోల్చి పొగిడారు, ఆ మిల్లు బట్ట వచ్చి ఇక్కడి బడిని పోషించే ఇంటిని కూల్చింది. సాధనం ప్రయాణించినప్పుడు లాభం కూడా దానితోపాటు తిరిగి వస్తుందని చరిత్ర హామీ ఇవ్వలేదు. మన పాఠాలు, మన వాక్యాలు, మన పిల్లల జవాబులు నేడు సమాచార నిధులుగా మారుతున్నప్పుడు ఈ భాగాన్ని మరోసారి చదవడం మంచిది.

3. మానిటర్ నుండి శిక్షణ పొందిన గురువు దాకా

మానిటర్ పద్ధతి ఇంగ్లండులో ఎక్కువకాలం నిలవలేదు. పిల్లలు పిల్లలకు చెప్పే చదువు అక్షరాలకు, ఎక్కాలకు సరిపోయింది గాని ఆ పైకి పోలేదు. 1846లో కే-షటిల్‌వర్త్ చొరవతో విద్యార్థి-ఉపాధ్యాయుల పథకం వచ్చింది: పదమూడేళ్లు నిండిన పిల్లవాడు ఐదేళ్లు ప్రధానోపాధ్యాయుని కింద పనిచేస్తూ నేర్చుకుని, తరువాత శిక్షణ కళాశాలకు వెళ్లవచ్చు. మన దగ్గర 1854 నాటి వుడ్ తాఖీదు ఉపాధ్యాయ శిక్షణను సిఫారసు చేసింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు ఏర్పడి తరువాత సైదాపేట శిక్షణ కళాశాల అయింది. తెలుగు ప్రాంతంలో రాజమహేంద్రవరం ప్రభుత్వ శిక్షణ కళాశాల 1894లో ప్రారంభమైంది. గురువు పని యంత్రంలా పంచిపెట్టదగినది కాదు, దానికి ప్రత్యేక విద్య కావాలి అన్న అంగీకారం ఈ సంస్థల పునాది. అదే కాలంలో మద్రాసు రాష్ట్రంలో పరీక్షా ఫలితాలను బట్టి బడికి గ్రాంటు చెల్లించే పద్ధతి కూడా నడిచింది. ఒకవైపు గురువుకు శిక్షణ, మరోవైపు తలకింత అని గురువుకు లెక్క. ఈ వైరుధ్యం ఇప్పటికీ మనలను వదలలేదు.

4. పెట్టెలో పాఠం

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞానం బోధించిన సిడ్నీ ప్రెస్సీ 1926లో తన యంత్రాన్ని వివరిస్తూ వ్యాసం ప్రచురించాడు. కిటికీలో ప్రశ్న కనబడుతుంది, నాలుగు మీటలలో ఒకటి నొక్కాలి, సరైనది నొక్కితేనే తరువాతి ప్రశ్న వస్తుంది. ఉపాధ్యాయుని విసుగుపుట్టించే దిద్దుబాటు పని తగ్గించడమే తన లక్ష్యమని ఆయన చెప్పుకున్నాడు. యంత్రం అమ్ముడుపోలేదు. 1932లో ఆయన ఈ కృషిని విరమిస్తున్నట్టు రాశాడు. ఆ వ్యాసం శీర్షికలో రానున్న ‘పారిశ్రామిక విప్లవం’ అన్న మాట ఉండటం గమనించదగినది.

1953 నవంబరులో బి. ఎఫ్. స్కిన్నర్ తన కుమార్తె చదివే నాలుగో తరగతి లెక్కల పాఠం చూడటానికి వెళ్లాడు. తన జవాబు తప్పో ఒప్పో పిల్లవాడికి వెంటనే తెలియడం లేదు. చేసినవాడూ చేయనివాడూ ఒకే వేగంతో నడవాలి. ఈ రెండు లోపాలకు పరిష్కారంగా ఆయన బోధన యంత్రం తయారుచేసి, 1954, 1958 సంవత్సరాల వ్యాసాలలో కార్యక్రమయుత బోధనను ప్రతిపాదించాడు. మన బి.ఇడి. అధ్యాపకులకు ఇది సుపరిచితం. రేఖీయ, శాఖీయ పద్ధతుల భేదం తెలుగు పాఠ్యగ్రంథాలలో తరతరాలుగా వల్లె వేయిస్తున్నదే. ఆ యంత్రాన్ని కంటితో చూడకుండానే దాని గురించి ఐదు మార్కుల జవాబు రాసిన తరాలు మనవి. పాఠ్యపుస్తకంలో బోధన సాధనం ఉంటుంది, తరగతిగదిలో ఉండదు అన్న పాఠాన్ని కూడా ఆ అధ్యాయం చెప్పకుండానే నేర్పింది. నేటి ఛాత్రోపాధ్యాయుడు ‘విద్యలో కృత్రిమ మేధ’ అన్న యూనిట్‌ను అదే కంటితో చదివితే అతని ప్రతికూల వైఖరి అని రాయడం న్యాయమా?

1960లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో వ్యవస్థ, 1970లో హైమే కార్బొనెల్ రూపొందించిన స్కాలర్ అనే సంభాషణ ప్రోగ్రాం వచ్చాయి. స్కాలర్ దక్షిణ అమెరికా భూగోళం గురించి ప్రశ్నలు అడిగేది, విద్యార్థి అడిగినవాటికి జవాబూ చెప్పేది. కృత్రిమ మేధ గురువుల వంశవృక్షానికి మొదలు ఇక్కడే అంటారు. ఈ రంగంలో తరచు ఉదాహరించే బెంజమిన్ బ్లూమ్ 1984 వ్యాసాన్ని కూడా ఒకసారి సరిచూడాలి. ఒక విద్యార్థికి ఒక బోధకుడు ఉంటే సగటు విద్యార్థి రెండు ప్రామాణిక విచలనాల మేర ముందుకు పోతాడన్నది ఆ వ్యాసం. దాని ఆధారం ఆయన ఇద్దరు పరిశోధక విద్యార్థుల స్వల్పకాలిక ప్రయోగాలు. పైగా అందులోని బోధకులు మనుషులు. మనుషులు సాధించిన ఫలితాన్ని యంత్రానికి ఖాతా రాయడం ఒక తర్కదోషం. శిక్షణ కళాశాలలో ఛాత్రోపాధ్యాయుల చేత చేయించదగిన మంచి అభ్యాసం ఇదే అని నా అభిప్రాయం.

5. ఆకాశం నుండి వచ్చిన పాఠాలు

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో సైట్ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు చేరాయి. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణను కూడా ఇదే మార్గంలో వేల సంఖ్యలో ఇచ్చారు. ఏడాది ముగియగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. 1984లో క్లాస్ పథకం కింద బ్రిటిష్ బీబీసీ మైక్రో కంప్యూటర్లు సుమారు 250 పాఠశాలలకు వచ్చాయి. ప్రోగ్రాంలు ఇంగ్లీషులో, ఉపాధ్యాయులకు శిక్షణ స్వల్పకాలం. 2004లో ఎడ్యుశాట్, 2017లో దీక్షా వేదిక, 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ పాఠాలు, 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు. ఒక్కొక్కదాని వెంట ఒక్కొక్క ఆశ.

వీటిలో చివరివి మన పరిశోధనకు ముఖ్యం. 2025లో బి.ఇడి. చదువుతున్న ఇరవై రెండేళ్ల యువతి 2020లో ఇంటర్మీడియట్ విద్యార్థిని. ఇంట్లో ఉన్న ఒకే ఫోను అన్నదో నాన్నదో అయిన చోట, సిగ్నల్ కోసం మేడెక్కిన చోట ఆమె ‘సాంకేతిక విద్య’ను అనుభవించింది. ప్రశ్నావళిలో ‘పూర్వానుభవం: ఉంది / లేదు’ అన్న ఒక్క గడి ఆ అనుభవాన్ని పట్టలేదు. ఉపాధ్యాయునిగా ఆమె వైఖరి మొదలైనది శిక్షణ కళాశాలలో కాదు, ఆ మేడ మీద.

6. కొలబద్ద పుట్టుక

వైఖరిని కొలవవచ్చునని థర్‌స్టన్ 1928లో వాదించాడు. 1932లో రెన్సిస్ లైకర్ట్ ఐదు గడుల సులభ పద్ధతిని ఇచ్చాడు. నేటి పరిశోధనలలో ఎక్కువగా ఆధారపడే సాంకేతిక స్వీకార నమూనా ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రచురించినది. ‘భావిత ఉపయోగిత’, ‘భావిత సౌలభ్యం’ అన్న రెండు భావనలు దాని మూలస్తంభాలు. ఆయన మొదటి అధ్యయనంలో పాల్గొన్నవారు టొరంటోలోని ఐబీఎం ప్రయోగశాల ఉద్యోగులు, 112 మంది. ఎలక్ట్రానిక్ మెయిలు, ఫైల్ ఎడిటర్ వంటివాటిని కార్యాలయ ఉద్యోగి వాడతాడా లేదా అని ముందుగా అంచనా వేయడం ఆ పరికరం పని. తన పనిలో అది సమర్థమైన పరికరమే.

అయితే కార్యాలయ ఉద్యోగికీ ఉపాధ్యాయునికీ ఒక తేడా ఉంది. ఉద్యోగి సాధనాన్ని తన కోసం వాడతాడు. ఉపాధ్యాయుడు ఇతరుల పిల్లల మీద వాడతాడు. ‘ఇది నాకు పనికివస్తుందా?’ అన్న ప్రశ్నకు అవునన్న మనిషే ‘ఇది ఈ పిల్లవాడికి మంచిదా?’ అన్నదానికి ఇంకా తేల్చుకోలేదనవచ్చు. మొదటి ప్రశ్న వైఖరి, రెండవది వృత్తి విచక్షణ. 2020లో షెప్‌మన్, రాడ్‌వే రూపొందించిన సాధారణ వైఖరి మాపని అనుకూల, ప్రతికూల వైఖరులను వేరువేరు ఉపమాపనులుగా ఉంచడం ఈ దిశలో మెరుగైన అడుగు. ఒకే మనిషికి రెండూ బలంగా ఉండవచ్చని అది ఒప్పుకుంటుంది. మన ప్రశ్నావళుల్లో చాలావరకు ప్రతికూల వాక్యాల మార్కులను తిరగేసి, మొత్తం కూడి, ఒకే అంకెకు కుదిస్తాయి. ఆ కూడికలో పోయేది సరిగ్గా ఛాత్రుడికీ ఉపాధ్యాయునికీ మధ్య జరిగే వాదమే.

అనువాదం ఇంకొక సమస్య. ‘కృత్రిమ మేధ ఉపాధ్యాయుని పనిభారాన్ని తగ్గిస్తుంది’ అన్న వాక్యం తీసుకుందాం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు బోధనాభ్యసనానికి వెళ్లిన ఛాత్రోపాధ్యాయురాలు అక్కడ చూసిన పనిభారం పాఠం చెప్పడం కాదు. ఫొటోలు తీసి యాపుల్లో ఎక్కించడం, వివరాలు నమోదు చేయడం. ఆమె ‘అంగీకరిస్తాను’ అంటే ఆ నమోదు తగ్గితే బాగుండునని అర్థం. పరిశోధకుడు దాన్ని బోధనలో కృత్రిమ మేధకు అనుకూలతగా లెక్కిస్తాడు.

తెలుగు బోధనాంశంగా తీసుకున్నవారి విషయం ప్రత్యేకంగా చూడాలి. భాషా నమూనాల శిక్షణ సామగ్రిలో ఇంగ్లీషుదే పెద్ద వాటా. తెలుగు వాక్యం అదే అర్థం గల ఇంగ్లీషు వాక్యం కంటె ఎక్కువ ముక్కలుగా విడిపోవడం సాధారణం. పద్యానికి గణవిభజన చేయమంటే యతిస్థానం తప్పుగా చూపి, ఒప్పే అన్నంత ధీమాగా వివరించడం, లేని పద్యాన్ని ఒక కవికి అంటగట్టడం అరుదు కాదు. దీన్ని పట్టుకోగల ఛాత్రోపాధ్యాయుడు మాపనిలో ‘నమ్మకం తక్కువ’ అన్న వర్గంలో పడతాడు. పట్టుకోలేనివాడు ‘అనుకూలం’ అవుతాడు. విషయజ్ఞానాన్ని విడిగా కొలవకుండా వైఖరిని మాత్రమే కొలిచే పరిశోధన ఈ ఇద్దరినీ తారుమారు చేసే ప్రమాదం ఉంది. మిశ్రా, కోహ్లర్ 2006లో ప్రతిపాదించిన చట్రం సాంకేతిక జ్ఞానాన్ని విషయజ్ఞానం, బోధనజ్ఞానం నుండి విడదీయరాదని చెప్పింది. దాన్ని పీఠికలో ఉదాహరించి ప్రశ్నావళిలో మరచిపోవడం తరచు జరుగుతోంది.

7. రికార్డు పుస్తకాలు – ఒక ఆధార సామగ్రి

ఎన్.సి.టి.ఇ. 2014 నిబంధనల తరువాత వచ్చిన రెండేళ్ల బి.ఇడి. పాఠ్యప్రణాళికలో సమాచార సాంకేతికతకు సంబంధించిన కోర్సు పేరులో ‘విమర్శనాత్మక అవగాహన’ అన్న మాట ఉంది. ఆ కోర్సు కింద సమర్పించే రికార్డులో తరచు కనబడేది స్లయిడ్ల తయారీ, పట్టికల తయారీ. విమర్శ పేరులో మిగిలింది. ఆ మాటను బతికించడానికి కొత్త మాపని అవసరం లేదు. ఛాత్రోపాధ్యాయులు ఇప్పటికే రాస్తున్న పాఠ్యపథకాలనే చదవవచ్చు.

పాఠ్యపథక రికార్డు చేతిరాతలోనే ఉండాలన్నది చాలా కళాశాలల నియమం. కనుక యంత్రం ఇచ్చిన పథకాన్ని కూడా చేత్తోనే ఎత్తిరాస్తారు. ఎత్తిరాత కొత్తది కాదు. సీనియర్ల రికార్డులు, బజారు గైడ్లు ఆ పనికి ఎప్పుడూ ఉన్నాయి. అయినా తేడా తెలుస్తుంది. సీనియర్ రికార్డు నుండి ఎత్తిరాసిన పథకంలో ఆ ఊరి బడి, ఆ తరగతి పిల్లలు, పాత పర్యవేక్షకుని అభిరుచి ఏదో ఒక మేర మిగిలి ఉంటాయి. యంత్రం ఇచ్చినదానిలో ఉదాహరణలు ఏ ఊరికైనా సరిపోతాయి. ఎడమ పేజీలో ఎర్రసిరాతో పర్యవేక్షకుడు రాసిన వ్యాఖ్య, పాఠం తరువాత ఛాత్రోపాధ్యాయుడు చేర్చిన కొట్టివేతలు, పక్కన రాసుకున్న పిల్లల జవాబులు – వైఖరి నిజంగా ఉన్నది వీటిలో. పథకం ఎక్కడినుండి వచ్చినా దాన్ని తరగతిలో ఎక్కడ పక్కన పెట్టవలసి వచ్చిందో ఆ కొట్టివేత చెబుతుంది. ఎగ్మూరు ఉపాధ్యాయులు రాయకుండా వదిలిన సాక్ష్యం ఇలాంటిదే.

నేను చూసిన ఒక కళాశాలలో ప్రాయోగిక పరీక్షలు ముగిశాక రికార్డులు మెట్ల కింది గదిలో కట్టలుగా పడి ఉంటాయి. స్థలం చాలనప్పుడు పాత కాగితాల వ్యాపారికి పోతాయి. 2022కు ముందు బ్యాచ్‌ల కట్టలు, తరువాతి బ్యాచ్‌ల కట్టలు ప్రస్తుతం అక్కడ ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. ఒకే పాఠానికి, ఒకే బడిలో, ఒకే పర్యవేక్షకుని కింద, రెండు కాలాల పాఠ్యపథకాలను పోల్చే అవకాశం ఈ రెండు మూడేళ్లే ఉంటుంది. పేర్లు తొలగించి, కళాశాల అనుమతితో, కనీసం తెలుగు బోధనాంశపు రికార్డులనైనా స్కాన్ చేయించి విశ్వవిద్యాలయ విద్యాశాఖ గ్రంథాలయంలో ఉంచడానికి ఒక పరిశోధక విద్యార్థికి ఒక సెలవుల కాలం చాలు.